పనిచేసే చోట అక్కరకొచ్చేలా మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకోవాలి?

గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో, విజయవాడ ఆటోనగర్ వర్క్‌షాపుల్లో ఎలక్ట్రీషియన్లుగా, మెయింటెనెన్స్ సూపర్‌వైజర్లుగా పనిచేసేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే. చేస్తున్న ఉద్యోగంలో వాడుకోవడానికి మైక్రోకంట్రోలర్ (సెన్సార్లను చదివి, చిన్న పరికరాలను నడిపే చిన్న కంప్యూటరు చిప్పు) ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? దాని వెనకే మరికొన్ని వస్తాయి: ఏ బోర్డు కొనాలి, ముందు సీ భాష పూర్తిగా రావాలా, సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లి కోర్సు చేయాలా?

సెలవు పెట్టనక్కర్లేదు, సీ భాష పూర్తిగా రానక్కర్లేదు. రోజుకు గంట చొప్పున రెండు మూడు నెలలు కూర్చోగలిగితే, మీరు పనిచేసే చోట నిజంగా ఉపయోగపడే ఒక పరికరాన్ని మీ చేత్తో మీరే తయారు చేయగలరు. అయితే ఒక షరతు ఉంది. మొదటి పరికరం కొలిచేది, చూసి చెప్పేది మాత్రమే కావాలి. మోటారునో కంప్రెసర్‌నో నడిపేది కాకూడదు. ఈ తేడాను పట్టించుకోకుండా మొదటి వారంలోనే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) మాడ్యూల్ కొనేసి, పంపును ఆన్ చేయడంతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మధ్యలోనే వదిలేయడం చూశాను.

నేను ఒక మిర్చి శీతల గిడ్డంగిలో విద్యుత్ ప్యానెళ్ల నిర్వహణ చూస్తాను. కోతలు అయ్యాక టిక్కీలు (మిర్చి బస్తాలు) రావడం మొదలై ఛాంబర్లు నిండిపోయాక, రాత్రి కాపలా ఉండే మనిషి రెండు గంటలకోసారి ఛాంబర్ల చుట్టూ తిరిగి థర్మామీటరు చూసి పుస్తకంలో రాస్తాడు. ఆ ఉష్ణోగ్రతను గది బయట తెరపై చూపించి, హద్దు దాటితే బజర్ మోగించే పరికరంతో నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను. అందుకే ఈ వ్యాసమంతటా దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మీ అవసరం వేరైనా మెట్లు ఇవే.

కావలసినవి

- ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు ఒకటి. అసలు కంపెనీదే కానక్కర్లేదు, అదే నమూనాలో వచ్చే చౌక బోర్డులూ పనిచేస్తాయి.
- డేటా కూడా పంపగలిగే యూఎస్‌బీ కేబుల్.
- విండోస్ కంప్యూటరు. కొత్త ఆర్డుయినో ఐడీఈకి (ప్రోగ్రామ్ రాసి బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) 64 బిట్ విండోస్ 10 కావాలి. అంతకంటే పాతదైతే 1.8 వరుసలోని పాత ఐడీఈ వేసుకోండి. రెండూ ఉచితమే.
- బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చి కలిపే పలక), జంపర్ వైర్లు, నాలుగైదు ఎల్‌ఈడీలు, పుష్ బటన్లు, 220 ఓమ్‌లు, 4.7 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు.
- స్టీలు గొట్టంలో అమర్చిన డీఎస్ 18బీ20 ఉష్ణోగ్రత సెన్సారు రెండు. ఒకటి చాలు గానీ, పోల్చి చూడటానికి రెండోది అక్కరకొస్తుంది.
- వరుసకు 16 అక్షరాలు పట్టే రెండు వరుసల ఎల్‌సీడీ తెర, వెనక ఐ2సీ మాడ్యూల్ (తక్కువ తీగలతో తెరను బోర్డుకు కలిపేది) అతికించి ఉన్నది.
- 5 వోల్టుల చిన్న బజర్.
- మల్టీమీటరు. ఇది మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. ఉండాలి కూడా.
- ఒక నోటు పుస్తకం.

రిలేలు, మోటార్లు, కెమెరాలు, 37 సెన్సార్ల కిట్లు ఇప్పుడు కొనకండి. పెద్ద కిట్టు కొన్నవాళ్లు ప్రతి సెన్సారునూ ఒక్కోసారి వెలిగించి చూసి, ఏదీ పూర్తిగా నేర్చుకోకుండా పెట్టె మూసేస్తారు.

1. ముందుగా అవసరాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"మూడో ఛాంబర్ ఉష్ణోగ్రత బయట తెరపై కనబడాలి, 8 డిగ్రీలు దాటి పది నిమిషాలు అలాగే ఉంటే బజర్ మోగాలి." నా మొదటి వాక్యం ఇది. మీ వాక్యంలో ఒక కొలత, దాని నుంచి వచ్చే ఒకటి రెండు ఫలితాలు మాత్రమే ఉండాలి. "మరియు" అని రెండోసారి రాయవలసి వస్తే ఆ భాగాన్ని కొట్టేసి తర్వాతి ప్రయత్నానికి దాచుకోండి.

ఎంచుకునే పనికి రెండు పరీక్షలు పెట్టండి. మీ పరికరం తప్పు చెప్పినా, పూర్తిగా ఆగిపోయినా మనుషులకు గానీ సరుకుకు గానీ నష్టం జరగకూడదు. అది చెప్పే విలువను పోల్చి చూడటానికి మరో సాధనం ఇప్పటికే అక్కడ ఉండాలి. ఆటోనగర్‌లో పనిచేసేవారికి ప్రెస్సు మీద రోజుకు ఎన్ని ముక్కలు దిగాయో లెక్కపెట్టే పరికరం బాగుంటుంది, ఎందుకంటే సాయంత్రం ముక్కలు చేత్తో లెక్కపెట్టి సరిచూడవచ్చు. మిల్లులో అయితే తేమ కొలిచి చూపించేది, అపార్ట్‌మెంటులో అయితే నీళ్ల ట్యాంకు మట్టం చూపించేది తీసుకోవచ్చు. అమ్మోనియా లీకేజీ, బాయిలర్ పీడనం, లిఫ్టు, ప్రెస్సు మీద చేతులు నలగకుండా కాపాడే గార్డు, ఇలాంటి ప్రాణరక్షణ పనుల జోలికి ఈ బోర్డులతో ఎప్పటికీ వెళ్లకండి. నేర్చుకున్నాక కూడా వెళ్లకండి.

2. కొనేముందు కంప్యూటరులోనే ప్రయత్నించండి

టింకర్‌క్యాడ్, వోక్వీ అనే రెండు వెబ్‌సైట్లలో తెరపైనే బోర్డు పెట్టి, వైర్లు కలిపి, ప్రోగ్రామ్ రాసి నడిపించవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. రెండు మూడు సాయంత్రాలు అక్కడ గడిపితే ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. అంతకు మించి అక్కడ ఉండకండి. తెరపై వైరు ఊడదు, జాయింటు వదులు కాదు, పని చోట ఎదురయ్యే కష్టాల్లో సగం అలాంటివే.

3. బోర్డు కొనేటప్పుడు

ఈఎస్‌పీ 32లో వైఫై ఉంటుంది, వేగం ఎక్కువ, అదే కొనమని చాలామంది చెబుతారు. మంచి బోర్డే. కానీ దాని పిన్నులు 3.3 వోల్టులవి, అలవాటు లేని చేతితో 5 వోల్టుల వైరు తగిలిస్తే పిన్ను కాలిపోవచ్చు. ఊనో 5 వోల్టులతో పనిచేస్తుంది, చిన్న చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది, మార్కెట్లో దొరికే సెన్సార్లలో ఎక్కువ భాగం దానికి నేరుగా కలుస్తాయి. అందుకని మొదటి బోర్డుగా ఊనో, రెండోదిగా ఈఎస్‌పీ 32 అని నా సలహా.

చౌక బోర్డుల్లో యూఎస్‌బీ పనికి సీహెచ్ 340 అనే చిప్పు వాడతారు. బోర్డును కంప్యూటరు గుర్తించకపోతే ఆ చిప్పు డ్రైవరు విడిగా వేసుకోవాలి. ఊనో బదులు చిన్నదైన నానో కొన్నట్లయితే, ఐడీఈలో ప్రాసెసర్ ఎంపిక దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" అనే వరుసను ఎంచుకోవలసి రావచ్చు. అది తెలియక బోర్డు పాడైందని కొట్టువాడికి తిరిగిచ్చేసినవాళ్లు ఉన్నారు.

4. మొదటి ప్రోగ్రామ్: బ్లింక్

ఐడీఈ తెరిచి ఫైల్, ఎగ్జాంపుల్స్, బేసిక్స్, బ్లింక్ అనే వరుసలో వెళ్లండి. టూల్స్ మెనూలో బోర్డును, పోర్టును ఎంచుకుని అప్‌లోడ్ నొక్కండి. బోర్డు మీద 13వ పిన్నుకు కలిపి ఉన్న చిన్న దీపం సెకనుకోసారి మారుతుంది.

ఇక్కడే అందరూ మోసపోయే చోటు ఒకటి ఉంది. చాలా బోర్డులు ఫ్యాక్టరీ నుంచే బ్లింక్ ప్రోగ్రామ్‌తో వస్తాయి. అంటే మీరు ఏమీ ఎక్కించకపోయినా దీపం ఆరి వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి దీపం మిణుకుమంటోందని సంతోషించకుండా, ప్రోగ్రామ్‌లో రెండు చోట్ల ఉన్న 1000ని 200గా మార్చి మళ్లీ ఎక్కించండి. వేగం మారితేనే మీ ప్రోగ్రామ్ బోర్డులోకి వెళ్లినట్లు.

ఎక్కకపోతే ఈ వరుసలో వెతకండి. మొదట కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌లో డేటా తీగలు ఉండవు, బోర్డు వెలుగుతుంది గానీ పోర్టు కనబడదు. తర్వాత పోర్టు చూడండి: బోర్డు పీకినప్పుడు జాబితాలోంచి మాయమై, పెట్టినప్పుడు తిరిగి వచ్చేదే మీ పోర్టు. ఆపైన డ్రైవరు, ఆపైన బోర్డు పేరు చూడండి. చివరగా, 0, 1 నంబర్ల పిన్నులకు ఏవైనా వైర్లు కలిపి ఉంటే తీసేయండి. ప్రోగ్రామ్ ఎక్కేది ఆ దారినే.

5. భాషలో ముందు ఎంత రావాలి?

సెటప్ అనే భాగం కరెంటు రాగానే ఒక్కసారి నడుస్తుంది, లూప్ అనే భాగం కరెంటు పోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. దీనితో పాటు వేరియబుల్ అంటే ఏమిటి, ఇఫ్–ఎల్స్ ఎలా రాయాలి, ఫర్ లూప్ ఎలా తిరుగుతుంది, సొంత ఫంక్షన్ ఎలా రాసుకోవాలి అనేవి వస్తే మొదటి పరికరానికి చాలు. పాయింటర్లు, క్లాసులు ఇప్పుడు వద్దు.

ఎగ్జాంపుల్స్‌ను కాపీ చేయకుండా చూసి టైపు చేయండి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ చూసి వెనకాడనవసరం లేదు; మొత్తం మీద వాడే మాటలు ఇరవై పాతికకు మించవు. వాటిని నోటు పుస్తకంలో అర్థంతో సహా రాసుకోండి. తప్పు వచ్చినప్పుడు కింద ఎర్రగా పది వరుసలు పడతాయి. మొదటి తప్పును మాత్రమే చదివి, దాన్ని సరిచేసి మళ్లీ నొక్కండి, మిగతావి చాలాసార్లు వాటంతట అవే పోతాయి. సెమీకోలన్ మరిచిపోతే తప్పు ఆ తర్వాతి వరుసలో ఉన్నట్లు చూపిస్తుంది కాబట్టి పై వరుస కూడా చూడండి. పోల్చడానికి రెండు సమాన గుర్తులు, విలువ ఇవ్వడానికి ఒకటి వాడాలి. ఇఫ్ లోపల ఒక్క గుర్తే పెడితే ఐడీఈ సాధారణంగా ఊరుకుంటుంది, పరికరం మాత్రం తప్పుగా నడుస్తుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా పాటించాలి.

6. ఎల్‌ఈడీ, బటన్

బయటి ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టరు తప్పనిసరిగా పెట్టండి. ఒక పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు, 40 దాకా వెళ్తే చిప్పు దెబ్బతింటుంది. రిలే కాయిలుకు అంతకంటే చాలా ఎక్కువ కావాలి. పిన్నుకు నేరుగా రిలే తగిలించి బోర్డు పాడుచేసుకోవద్దు.

బటన్ దగ్గర కొత్తవాళ్లకు వచ్చే అనుమానం ఒకటుంది: నొక్కకుండానే నొక్కినట్లు, చెయ్యి దగ్గరికి తెస్తే చాలు విలువ మారుతున్నట్లు కనబడుతుంది. దేనికీ కలపని పిన్ను గాలిలో వేలాడుతూ చుట్టూ ఉన్న విద్యుత్ రొదను పట్టుకుంటుంది. పిన్‌మోడ్‌లో ఇన్‌పుట్ బదులు ఇన్‌పుట్ పుల్‌అప్ అని రాసి, బటన్ రెండో కాలును గ్రౌండుకు కలిపితే ఇది పోతుంది. అప్పుడు నొక్కనప్పుడు 1, నొక్కినప్పుడు 0 వస్తుంది. తలకిందులుగా ఉందని కంగారు పడకండి. ఒక్కసారి నొక్కితే మూడుసార్లు లెక్కపడుతుంటే, లోపలి లోహపు రేకు తగిలేటప్పుడు కొన్ని మిల్లీ సెకన్లు అదరడమే కారణం. ఎగ్జాంపుల్స్‌లో డీబౌన్స్ అనే ప్రోగ్రామ్ దీనికోసమే ఉంది. ప్రెస్సు మీద ముక్కలు లెక్కపెట్టాలనుకునేవాళ్లు దీన్ని రెండు రోజులు తీరిగ్గా అర్థం చేసుకోవాలి.

7. సెన్సారును కలపండి, కానీ వెంటనే నమ్మకండి

డీఎస్ 18బీ20కి మూడు తీగలు. సాధారణంగా ఎరుపు 5 వోల్టులకు, నలుపు గ్రౌండుకు, పసుపు పిన్నుకు. రంగులు మారిన సెన్సార్లు కూడా అమ్ముతున్నారు కాబట్టి అమ్మినవాళ్లు ఇచ్చిన వివరం చూసుకుని కలపండి; తలకిందులుగా కలిపితే సెన్సారు నిమిషంలో వేడెక్కుతుంది, చేత్తో తాకితే తెలుస్తుంది, వెంటనే తీసేయండి. పసుపు తీగకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టాలి. లైబ్రరీ మేనేజర్‌లో వన్‌వైర్, డల్లాస్ టెంపరేచర్ అనే రెండు లైబ్రరీలు (ముందే రాసి ఉంచిన ప్రోగ్రామ్ ముక్కలు) వేసుకుని, రెండోదానితో వచ్చే సింపుల్ అనే ఎగ్జాంపుల్ ఎక్కించి, బోర్డు పంపే అక్షరాలను చూపించే సీరియల్ మానిటర్ తెరవండి. అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనబడితే మానిటర్ వేగం ప్రోగ్రామ్‌లో ఉన్న వేగంతో సరిపోలేదన్నమాట. రెండూ 9600 ఉండాలి.

ఇక రెండు ప్రత్యేకమైన అంకెలను గుర్తుపెట్టుకోండి. మైనస్ 127 కనబడితే సెన్సారు దొరకలేదని అర్థం: తీగ ఊడింది, లేదా రెసిస్టరు పెట్టలేదు. సరిగ్గా 85 కనబడితే కరెంటు ఇప్పుడే వచ్చి సెన్సారు ఇంకా కొలవలేదని అర్థం. పూర్తి సూక్ష్మతతో ఒక కొలతకు దానికి ముప్పావు సెకను పడుతుంది. ఈ రెండూ ఉష్ణోగ్రతలు కావు.

సెన్సారు సరైనదేనా అన్నది మంచు పరీక్షతో తేల్చండి. మంచుగడ్డను గుడ్డలో చుట్టి సన్నగా పగలగొట్టి, థర్మోస్ ఫ్లాస్కు నిండా వేసి, సందులు నిండేంత వరకే చల్లటి నీళ్లు పోయండి. స్టీలు గ్లాసులో కూడా చేయవచ్చు గానీ మన ఎండలకు మంచు త్వరగా కరిగి నీళ్లే మిగులుతాయి, అప్పుడు కొలత పనికిరాదు. సెన్సారు అడుగుకు, గోడకు తగలకుండా మధ్యలో ఉంచి కలియతిప్పుతూ ఐదు నిమిషాలు ఆగండి. 0కి అటూ ఇటూ అర డిగ్రీ లోపల ఉంటే తయారీదారు చెప్పిన హద్దులోనే ఉంది. ఈ సెన్సారుకు నకిలీలు ఎక్కువ. నేను కొన్న మొదటి రెండింటిలో ఒకటి మంచులో 2 డిగ్రీల దగ్గర నిలబడిపోయింది. దాన్ని ప్రోగ్రామ్‌లో 2 తీసేసి సరిదిద్దాలని చూడకండి, పక్కన పడేసి వేరేది కొనండి.

తెర కలిపేటప్పుడు ఒక మాట. ప్రోగ్రామ్ ఎక్కినా అక్షరాలు కనబడకపోతే, తెర వెనక ఉన్న నీలి రంగు చిన్న స్క్రూను నెమ్మదిగా తిప్పి చూడండి. అప్పటికీ రాకపోతే తెర చిరునామాను మార్చి చూడాలి. ఐ2సీ స్కానర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ చిరునామాను చెబుతుంది.

8. కాలాన్ని లెక్కపెట్టడం

డిలే అనే ఆదేశం ఇచ్చినంతసేపూ ప్రోగ్రామ్ ముందుకు కదలదు. బటన్ నొక్కినా వినదు. అందుకని బ్లింక్ వితౌట్ డిలే అనే ఎగ్జాంపుల్ చూసి మిల్లీస్ వాడటం నేర్చుకోండి. ఈ వ్యాసంలోని విషయాలన్నిటిలో మొదట అర్థం కాక విసిగించేది ఇదే. ఒక వారం పట్టినా ఫర్వాలేదు, దీన్ని దాటవేయకండి. మిల్లీస్ అంటే బోర్డుకు కరెంటు వచ్చిన దగ్గర్నుంచి గడిచిన మిల్లీ సెకన్ల లెక్క. గోడ గడియారం చూసి, "ఇందాక చూసినప్పటికీ ఇప్పటికీ ఎంత గడిచింది" అని లెక్కకట్టడం లాంటిదే.

ఇందులో రెండు తప్పులు జరుగుతాయి. ఊనోలో ఇంట్ అనే వేరియబుల్ 32,767 దాకానే పట్టుకోగలదు. నిమిషం కోసం 60 ఇంటూ 1000 అని రాస్తే 60,000 రావలసిన చోట మైనస్ 5,536 వస్తుంది, పరికరం అర్థం లేకుండా ప్రవర్తిస్తుంది. కాలానికి సంబంధించిన ప్రతి వేరియబుల్‌నూ అన్‌సైన్డ్ లాంగ్‌గా రాసి, గుణించే అంకెల వెనక కూడా యూఎల్ చేర్చండి. రెండోది, ఈ లెక్క సుమారు 49.7 రోజులకు నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. ఇప్పటి విలువలోంచి పాత విలువను తీసివేసి వ్యవధితో పోలిస్తే ఏ ఇబ్బందీ రాదు. పాత విలువకు వ్యవధిని కలిపి ఇప్పటి విలువతో పోలిస్తే యాభయ్యో రోజున తప్పుతుంది. బల్ల మీద నెల రోజులు బాగా నడిచిన పరికరం సీజన్ మధ్యలో తప్పుతుంటే మొదట ఇక్కడే చూడాలి.

9. బజర్ ఎప్పుడు మోగాలి?

"ఉష్ణోగ్రత 8 దాటితే మోగించు" అన్న ఒక్క వరుస చాలనిపిస్తుంది. చాలదు. ఉష్ణోగ్రత 8 దగ్గర ఊగిసలాడుతున్నంతసేపూ బజర్ మోగుతూ ఆగుతూ ఉంటుంది. 8 దాటితే మోగాలి, 7.5 కన్నా తగ్గితేనే ఆగాలి అని రెండు హద్దులు పెట్టండి. టిక్కీలు లోపలికి వేసేటప్పుడు తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి పది నిమిషాలు వరుసగా దాటి ఉంటేనే మోగేలా చేయండి. అనవసరంగా మోగే బజర్‌ను రెండో రోజే ఎవరో ఒకరు వైరు పీకి పక్కన పెడతారు, వాళ్లను తప్పుపట్టలేం.

అంతకంటే పెద్ద తప్పు నేనే చేశాను. నా మొదటి పరికరాన్ని ఛాంబర్‌కు బిగించిన నాలుగో రోజు, హమాలీలు టిక్కీలు జరుపుతుండగా సెన్సారు తీగ తెగింది. తెరపై మైనస్ 127 అని పడింది. నా ప్రోగ్రామ్ దాన్ని ఉష్ణోగ్రత అనుకుంది. 8 కంటే ఎంతో తక్కువ కాబట్టి బజర్ నోరు మెదపలేదు. తెల్లవారుజామున కాపలా మనిషి తన పుస్తకంలో థర్మామీటరు అంకె రాస్తూ తెర వైపు చూసి, నాకు ఫోన్ చేసి, "సార్, ఛాంబర్ బాగానే ఉంది గానీ మీ పెట్టెలో అంకె తేడాగా ఉంది" అన్నాడు. ఆ రోజు కంప్రెసర్ కూడా ఆగిపోయి ఉంటే, చేతి పుస్తకం కూడా లేకపోయి ఉంటే, తెల్లవార్లూ ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

కాబట్టి కొలత నమ్మదగిన హద్దుల్లో లేకపోతే అదే ఒక ప్రమాద సంకేతం అని ప్రోగ్రామ్‌లో రాయండి. మైనస్ 20 కన్నా తక్కువ గానీ, 60 కన్నా ఎక్కువ గానీ వస్తే రెండుసార్లు మళ్లీ కొలిచి, అప్పటికీ అలాగే ఉంటే తెరపై "సెన్సారు లేదు" అన్న అర్థం వచ్చే మాట చూపించి వేరే లయలో బజర్ మోగించాలి. ఇది రాశాక నిజంగా తీగ పీకి చూడండి. మోగాలి. సెన్సారును గోరువెచ్చని నీళ్లలో పెట్టి పది నిమిషాలు ఆగండి. మోగాలి. కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి. 85 చూసి మోగకూడదు. ఈ మూడూ నోటు పుస్తకంలో తేదీతో రాసుకున్నాకే పరికరం బల్ల మీద నుంచి లేవాలి.

10. పని చోట బిగించడం

బ్రెడ్‌బోర్డును పని చోటికి తీసుకెళ్లకండి, అదురుకు వైర్లు ఊడతాయి. జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ బోర్డు) మీద టంకం వేసి, స్క్రూ టెర్మినళ్లు పెట్టండి. పెట్టెకు తీగలు కింది వైపు నుంచి గ్లాండు ద్వారా రావాలి. చల్లటి గదికి దగ్గరగా ఉన్న పెట్టెలో తేమ చేరి నీటి చుక్కలు కడతాయి, పైనుంచి తీగ వస్తే ఆ నీళ్లు నేరుగా బోర్డు మీదికి దిగుతాయి. వీలైతే బోర్డును గది బయటే ఉంచి సెన్సారు తీగను మాత్రమే లోపలికి పంపండి. ఎండ నేరుగా పడే గోడ మీద పెడితే మే నెలలో ఎల్‌సీడీ తెర నల్లబడి అంకెలు కనబడవు.

బోర్డు గుండ్రటి సాకెట్‌కు 9 వోల్టుల మంచి అడాప్టరు ఇవ్వండి. 12 కూడా ఇవ్వవచ్చు గానీ తెర వెలుగుతుంటే బోర్డు మీది రెగ్యులేటరు బాగా వేడెక్కుతుంది.

కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చు) పడినప్పుడల్లా తెరపై పిచ్చి అక్షరాలు రావడం, బోర్డు స్తంభించిపోవడం మన పరిశ్రమల్లో తరచూ వచ్చే జబ్బు. ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ వారాలు గడపకండి. సెన్సారు తీగ మోటారు కేబుల్‌తో కలిసి ఒకే ట్రేలో పోతోందేమో చూడండి. దాన్ని విడదీసి వేరే పైపులో వేయండి, మెలితిప్పిన షీల్డు తీగ వాడండి, తీగ బాగా పొడవైతే 4.7 బదులు 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టరు ప్రయత్నించండి, కాంటాక్టర్ కాయిలుకు స్నబ్బర్ (విద్యుత్ రొదను అణిచే భాగం) పెట్టండి. అప్పటికీ అప్పుడప్పుడు స్తంభిస్తుంటే వాచ్‌డాగ్ టైమరును ఉపయోగించుకోవచ్చు. ప్రోగ్రామ్ 8 సెకన్ల పాటు కదలకపోతే అది బోర్డును తనంతట తాను మళ్లీ మొదలుపెడుతుంది. పాత బూట్‌లోడర్ ఉన్న నానోలలో మాత్రం వాచ్‌డాగ్ పెడితే బోర్డు మొదలవుతూ ఆగుతూ చిక్కుకుపోతుంది, జాగ్రత్త.

ఎప్పటికైనా రిలే వాడవలసి వచ్చినప్పుడు, మాడ్యూల్ రూపంలో వచ్చేదే వాడండి. చాలా మాడ్యూళ్లు పిన్ను 0 అయినప్పుడు పడతాయి. అందువల్ల కరెంటు రాగానే రిలే ఒక్క క్షణం పడి లేస్తుంది. సెటప్‌లో ముందు ఆ పిన్నుకు హై ఇచ్చి, ఆ తర్వాతే దాన్ని అవుట్‌పుట్‌గా ప్రకటిస్తే అది ఆగుతుంది. మాడ్యూల్ రిలేతో మోటారును నేరుగా నడపకండి, కాంటాక్టర్ కాయిలును మాత్రమే నడపండి. 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టేముందు ఎంసీబీ దించి, టెస్టరుతో చూసి, ఇంకొకరిని పక్కన ఉంచుకోండి. యూఎస్‌బీ కేబుల్ ల్యాప్‌టాప్‌కు కలిపి ఉండగా ఆ పని చేయకండి.

11. నెల రోజులు పాత పద్ధతిని ఆపకండి

పరికరం బిగించగానే కాపలా మనిషి పుస్తకాన్ని మానిపించాలని యజమాని తొందరపడవచ్చు. ఒప్పుకోకండి. అదే పుస్తకంలో పక్కన ఇంకో గీత గీసి, థర్మామీటరు అంకె, పెట్టె అంకె పక్కపక్కన రాయించండి. రెండూ ఎప్పుడూ ఒకే తేడాతో ఉంటే సెన్సారు ఉన్న చోటు వేరు కావడం వల్ల కావచ్చు. తలుపు దగ్గర పెట్టిన సెన్సారు టిక్కీల మధ్య ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. తేడా రోజురోజుకూ మారుతుంటే జాయింటు, తేమ, తీగ చూడండి. రాత్రి ఒక వేళకే తేడా వస్తుంటే ఆ వేళకు ఏ మోటారు మొదలవుతోందో కనుక్కోండి. మా పుస్తకంలో ఈ గీత గీసినందువల్లే, పాత థర్మామీటరే డిగ్రీన్నర తక్కువ చూపిస్తోందని మూడో వారంలో బయటపడింది.

నెల గడిచాక అవసరమైతే ఈఎస్‌పీ 32 వైపు వెళ్లి ఫోనుకు సందేశం పంపేలా చేసుకోవచ్చు. మీరు నేర్చుకున్న ప్రోగ్రామ్‌లో ఎక్కువ భాగం అలాగే పనికొస్తుంది. ఉత్పత్తి యంత్రాన్నే నడపాలంటే మాత్రం పీఎల్‌సీ అనే పారిశ్రామిక కంట్రోలర్ వాడండి, అది ఆ పనికోసమే తయారైనది.

ప్రోగ్రామ్‌ను మార్చిన ప్రతిసారీ ఫైలు పేరు చివర తేదీ పెట్టి దాచండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆఫీసులో ఇవ్వండి. పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించండి: ఏ పిన్నుకు ఏ రంగు తీగ, బజర్ హద్దులు ఎంత, లోపల ఉన్నది ఏ తేదీ ప్రోగ్రామ్, మంచు పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు. మీరు సెలవులో ఉన్న రోజున ఆ తలుపు తెరిచేది వేరే మనిషి కాబట్టి, దాన్ని తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాయండి.